మద్దయ్య సారు నల్లకోటు

కోటు జేబులో ఏముందో చూడమన్నారు
కర్నూలు కోర్టు బార్ రూములో.
ముప్పయ్యేళ్ళు ఆయన కట్టలు మోసిన గుమాస్తాను,
నాకు తెలీదా?
నశ్యం డబ్బీ, వాయిదాల చీటీ,
బండిమెట్ట వాల్వు తిప్పే జానెడు ఇనపకీ.

కౌన్సిలరయ్యాక కూడా
నాలుగింటికే లేచేవాడు, పటాలం అలవాటు.
మోకాట్లో మిగిలిన గుండు తునక చలికి సలుపుతుంటే
కుంటుకుంటూ పోయి నీళ్ళు వదిలేవాడు.
"లైన్‌మన్ రాలేదా సారూ?" అంటే
"వాడికి నిన్ననే ఆడపిల్ల పుట్టింది, పడుకోనీరా."

ఫీజు కింద ఉల్లిగడ్డల మూటలొచ్చేవి.
ధర పడిపోయిన ఏడు ఆఫీసంతా కుళ్ళు వాసన,
మేజిస్ట్రేటు ముందు కోటు కూడా అదే వాసన.

యుద్ధం గురించి ఒక్కసారే చెప్పాడు:
"అవతలోడి బూట్లు కూడా నా సైజేరా."
అంతే.
పతకాన్ని వకాల్తా కాయితాలు ఎగరకుండా
బరువుకి పెట్టుకున్నాడు.

హంద్రీ బజార్లోకొచ్చిన ఏడు
తడిసిన ఫైళ్ళు మిద్దె మీద ఆరేశాం.
గట్టు తగాదా సుంకన్న ఒక పక్క, వాళ్ళన్న ఒక పక్క,
ఒకే తాటికి చెరో కొస పట్టుకున్నారు.
పటంలో గీత నీళ్ళకు కారిపోయింది.
సారు కళ్ళద్దాలు తుడుచుకుని చూసి
"సాక్ష్యం పోయిందబ్బా, ఇంక అన్నం తిని పోండి" అన్నాడు.
రాజీ పడలేదు వాళ్ళు.
ఇంకో పదకొండేళ్ళు నడిచింది కేసు.
అన్నం మాత్రం తిన్నారు.

కోటు ఎవరో జూనియరుకిస్తారంట.
ఇనపకీ నేనే తెచ్చుకున్నాను.
వాల్వులకిప్పుడు మోటారు మీటలొచ్చాయి, దీంతో పని లేదు.
అయినా నాలుగింటికి మెలకువొచ్చి
వీధి కొళాయి కింద ఎవరి బిందెయినా
ఉత్తదే మోగుతోందేమోనని
చెవి అటు పెట్టి పడుకుంటాను.