మర్లేటంత జాగ

రాస్ అల్ ఖైమాల ఉప్పునేలల పక్కన
పొట్టి రన్‌వే. పెద్ద గాలిమోటర్లు దాని దిక్కు చూడవు.
శుక్కురారం తెల్లారకముందే పోయి
రెండు సీట్ల చిన్నదాని రెక్కలు కడుగుత.
నాలుగు శుక్కురారాలు కడిగితే
ఒక గంట నేర్పుతనని ఒప్పుకున్నది
కెప్టెన్ మౌజా అల్ షెహ్హీ.
ఆమె హిందీ, నా అరబ్బీ, రెండూ కుంటియే.
ఒకదాని భుజమ్మీద ఒకటి చెయ్యేసి నడుస్తయి.

"గా వయసుల గాలిమోటరు నేర్సి
కోరుట్లల ఏడ దింపుతవు?" అని
ఫోన్ల నవ్వింది మా సుగుణవ్వ.

పద్నాలుగేండ్లు టవర్ క్రేన్ నడిపినోన్ని.
గాలి నాకు కొత్తనా అని మొదట్ల మీసం తిప్పిన.
అరవై మీటర్ల మీద, అద్దాల డబ్బాల,
గాలి ముప్పై ఎనిమిది దాటితే సైరన్ మొత్తుకునేది,
కొక్కెం ఖాళీ చేసి కిందికి దిగేటోన్ని.
"గుట్టల గాలికి సైరన్ ఉండదు," అన్నది మౌజా.
నేను కడిగే పైపు గుంజుకొని
ఒక రాయి మీద నీళ్లు వదిలింది.
ఇవుతల ఎక్కినయి.
అవుతల సుడి తిరిగి బోర్లపడ్డయి.
"కండ్లకు కనబడని ఈ నీళ్లల్లనే నువ్వు ఈదేది."

ఎండెక్కితే గాలి అంబలి లెక్క పలుచనైతదట.
పొద్దున ఎక్కనిచ్చిన గుట్ట
పగటీలి ఎక్కనియ్యదు.
"వాదిల నడిమిట్ల పోకు.
ఒక అంచుకు ఒరిగి పో.
ఇర్జా అనాల్సి వస్తే
వాది వెడల్పంత నీ చేతుల ఉండాలె."
ఇర్జా అంటే మర్లిపో.

పోశెట్టి యాదికొచ్చిండు,
నా రూముల కింది మంచం,
ఒంటెల ఫారానికి పోయినోడు.
నాలుగు లచ్చల అప్పు ఒక దిక్కు గుట్ట,
కఫీల్ బీరువాల పాస్‌పోర్టు ఇంకో దిక్కు గుట్ట.
వాడు నడిమిట్ల పోయిండు.
అంచుకు పొమ్మని ఎవ్వలు చెప్పిన్రు వానికి?

ఆ పొద్దు గోడ మీద సుద్దతోని రాసినం:
ఏ వాది, ఎంతమందిమి, ఎన్ని నీళ్ల సీసలు,
మర్లేది ఎనిమిదిన్నరకు.
దాటితే ఫోన్ కొట్టుమని
బలూచీ వాచ్‌మన్ గుల్ హసన్‌కు చెప్పినం.

గుట్టల నడుమ కొసకు, మబ్బు తగిలేటంత ఎత్తుల
రాళ్లు పేర్చి కట్టిన మడి ఉన్నదట.
మౌజా తాత గోదుమలు పండించిన మడి.
చేతిల చిన్న గొడ్డలి పట్టుకొని
నడిచి ఎక్కేటోడట.
"పైనుంచి చూపిస్త," అన్నది.
ఆమెకే ఎక్కువ ఆశ ఉండె.

కుడి అంచుకు ఒరిగి పోతున్న.
రాయి ఎంత దగ్గరంటే
మేక ఒకటి తలెత్తి చూసుడు కనబడ్డది.
ఒక్కపారి సీటు కిందినుంచి ఎవ్వలో గుంజినట్టు.
ఇంజను నిండా మొత్తుకుంటున్నది,
ఎత్తు ముల్లు మాత్రం దిగుతనే ఉన్నది.
తూర్పు గాలి గుట్ట దాటి
మా నెత్తి మీద బోర్లపడుతున్నది.
పైపు నీళ్లు. రాయి. అవుతల మేము.

ఇంకో రెండు నిమిషాలైతే మడి.
మౌజా దిక్కు చూసిన.
ఆమె చేతులు ఒళ్లె ఉన్నయి.
పెదవి కదలలే.

ముక్కు కొంచెం దించిన, వేగం తెచ్చుకున్న,
ఎడమకు ఒరిగిన.
వాది వెడల్పంత ఖాళీగ
చాప పరిచినట్టు ఉన్నది నా కోసం.
మర్లిన.
గుట్టలు ఒకటెన్క ఒకటి పక్కకు జరిగి
సముద్రం తెల్లగ కనబడేదాక
ఇద్దరం మాట్లాడలే.

దిగినంక పుస్తకంల ఏమో రాసింది అరబ్బీల.
చదువరాలె నాకు. అడగలే.
సీస మూత తీసి సగం తాగి
మిగిలింది నాకిచ్చింది.

"ఇంత జల్దినా? మడి చూడలేదా?"
గుల్ హసన్ అడిగిండు.
టైము ఏడూ పదే.
తడిగుడ్డతోని ఎనిమిదిన్నరను తుడిచేసిండు.
ఆ తడి ఆరేదాక
గోడ దిక్కే చూసుకుంట నిలబడ్డ,
తర్వాత పైపు అందుకున్న.
రెక్కల మీద దుమ్ము బాగనే పట్టింది.