మూడు వందల నలభయ్యో పేజీ

లెనిన్ సెంటర్లో బేరమాడి తెచ్చుకున్నా,
అట్ట ఊడిన లావు నవల.
గుంటూరు యార్డులో కాటా మీద పెడితే
కిలోన్నర, తరుగు పోను.

రాత్రి డ్యూటీ.
లారీకీ లారీకీ మధ్య రెండేసి పేజీలు.
ఒకే ఇంటిపేరుతో ఏడుగురు అన్నదమ్ములు,
ఎవరి పెళ్లాం ఎవరో
తక్‌పట్టీ వెనక రాసుకున్నా.
వేళ్లకున్న కారం అంటి
చిన్నపిల్ల పోయే పేజీ ఎర్రబడింది.
"ఏడుస్తున్నావా మస్తానూ?" అన్నాడు హమాలీ ఏసోబు.
ఘాటన్నాను.

నాకంటే ముందు ఎవరో చదివారు.
అంచుల్లో పెన్సిల్ గొణుగుళ్లు:
"మళ్లీ వానా?"
"ఈ ముసలాడింకా చావలేదా!"
ఇన్నాళ్లూ ఆ గొణుగుడే తోడు.
మూడు వందల నలభై దగ్గర
ఒక గీత సగంలో ఆగింది.
ఆ తర్వాత అన్నీ తెల్లటి అంచులే.

నిద్రొచ్చిందో, బదిలీ అయిందో,
అసలు మనిషే లేడో.
ఇంకా ఎనిమిది వందల పేజీలు
నేనొక్కణ్ణే.

ఎండలు ముదిరి యార్డుకి సెలవులిచ్చారు.
నేనింకా ఏడొందల పన్నెండులో ఉన్నా.
చెవి మీది పెన్సిల్ తీసి
అంచున సన్నగా రాశాను:

మళ్లీ వానే అన్నా.
నువ్వు దిగిపోయాక మూడు ఊళ్లు దాటాం.
పెద్దోడు తిరిగొచ్చాడు.
ముసలాడు ఇంకా చావలేదు.