ముప్పై ఏడున్నర

కోక్ ఒవెన్ దగ్గర నా కొలత పదకొండు వందల డిగ్రీలు.
పదహారు గంటలు మూతేసి మగ్గబెడితే
బొగ్గు ఎర్రటి గోడలా బయటికి తోసుకొస్తుంది.
ఇంటికొస్తే, థర్మాకోల్ పెట్టెలో
నలభై వాట్ల బల్బు కింద
నా కొలత ముప్పై ఏడున్నర.
అర డిగ్రీకి భయపడడం
ఆ పెట్టె దగ్గరే నేర్చుకున్నాను.

పదమూడు గుడ్లు.
తొమ్మిది నాటుకోడివి, అగనంపూడిలో ఏరినవి.
నాలుగు బాతువి, కొండకర్ల ఆవ నుంచి
నాచు వాసనతో సంచిలో వచ్చినవి.
ఒక పక్క సున్నా, ఒక పక్క ఇంటూ, పెన్సిలుతో.
ఎ షిఫ్టుకి వెళ్తూ సున్నా పైకి,
తిరిగొచ్చి ఇంటూ పైకి.
నేను లేనప్పుడు కనకరత్నం తిప్పేది,
"కన్నపిల్లలకైనా ఇన్నిసార్లు పక్క మార్చలేదు" అని గొణుక్కుంటూ.

కౌజుపిట్టకి పదిహేడు రోజులు,
పావురానికి పద్దెనిమిది,
కోడికి ఇరవై ఒకటి,
బాతుకి ఇరవై ఎనిమిది.
క్యాలెండరు వెనక రాసుకున్నాను గానీ
బాతువి వారం ముందే పెట్టాలని తట్టలేదు.

పదమూడో రోజు తుఫానొచ్చింది.
దానికీ ఓ పిట్ట పేరే.
తలమీద కుచ్చున్న కుకుడుగువ్వ పేరట.
కిటికీ రెక్క ఊడి ఎటో పోయింది.
కరెంటు పోయింది.
టార్చి వేసి చూస్తే
ముప్పై ఆరు.
ముప్పై నాలుగు.
కొవ్వొత్తి పెడితే పెట్టె అంటుకునేలా ఉంది.
తువాలులో చుట్టి, బనీను లోపల, కడుపుకి ఆనించి
తెల్లారేదాకా కూచున్నాను.
నా ఒంటికీ అంత వేడి లేదు.

గాలి తగ్గాక, పడిన చెట్లు దాటుకుంటూ
నిర్వాసితుల కాలనీలో దాలమ్మ ఇంటికి పోయాను.
రేకులు లేచిపోయిన వంటింట్లో
గంప కింద ఎర్రకోడి,
గుడ్లు లేకుండానే పొదుగు పట్టి కూచుంది.
"నీలల్లో ముంచి పొదుగు ఇరిచేద్దారనుకున్నాను.
తే బావూ, దీని రాత బాగుంది."

ఊక పోసి, గుడ్లు పేర్చి,
మధ్యలో ఓ ఇనప మేకు, ఓ బొగ్గు ముక్క,
ఓ ఎండు మిరపకాయ.
"ఉరుముకి గుడ్డు బెదురుద్ది."
నవ్వొచ్చింది నాకు.
ఇనుమూ బొగ్గూ మా ప్లాంటు నిండా ఉన్నవే,
మిరపకాయ ఒక్కటే తక్కువ.

తనూ నవ్వింది. కోడి రెక్క సర్దుతూ అంది:
"మీ బట్టీలున్న కాడే నా కోళ్ళగూడుండేది.
ఊరు లెగిసిన నాడు తెల్లకోడి పొదుగు మీదుంది.
పన్నెండో దినం.
గంపతో ఎత్తి లారీలో ఎట్టినాను.
కుదుపుకి ఒక్కటీ పిల్లవనేదు."
ఏ బట్టీ అని నేనడగలేదు.
తను చేతులు దులుపుకుని
టీ పెట్టడానికి పొడి కట్టెలు వెతికింది.

ఇరవయ్యో రాత్రి పెంకు లోపల్నుంచి
సన్నగా కీచుమన్నాయట.
కోడి గొంతులోనే ఏదో బదులు చెప్పిందట.
ఏడు లేచాయి. రెండు మురిగిపోయాయి.
పిల్లల్ని వేసుకుని కోడి గడప దాటింది,
బాతుగుడ్లని తిరిగైనా చూడలేదు.
దాని లెక్క అయిపోయింది మరి.

దాలమ్మ వాటిని గోరువెచ్చని నీళ్ళలో వదిలింది.
మూడు ఊగాయి.
ఒకటి ఊరికే తేలింది.
దాన్ని పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని,
"కరెంటొచ్చింది కదా, అట్టుకుపో" అంది.

ఇరవై ఎనిమిదో రోజు సి షిఫ్టు.
తెల్లవారుజామున ఫోను:
"సున్నా వైపు చిల్లు పడింది.
ముక్కు కనిపిస్తోంది.
లాగమంటావా?"
లాగొద్దు, తడిగుడ్డ వెయ్యి, దాన్నే రానీ,
అని అరిచాను, మిషన్ల హోరులో.

ఒవెన్ తలుపు తెరుచుకుంది.
నా బూట్ల కింద కాంక్రీటు,
దాని కింద ఎక్కడో
తెల్లకోడి.
ఇంకా తొమ్మిది రోజులుంది దానికి.