ఇరవైకి పదిహేను

బ్రగాన్సా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారంటే
వానొస్తే తన పీరియడు లెక్కల టీచరుకి అప్పగించేవాడు,
మెడలోనే ఉన్న ఈలని ఊరంతా వెతికేవాడు.
ఇరవై రెండేళ్ళలో నన్నెవరూ భయంగా చూడలేదు,
ఆ జూన్ దాకా.

మార్కుల మీటింగులో కిటికీలన్నీ తీసినా ఉక్క.
లెక్కల టీచరు ఇరవై వేసింది. జీవశాస్త్రం పంతొమ్మిది.
ఎవరినీ పద్దెనిమిది దాటనివ్వని పిసినారి,
ఫిలాసఫీ ఆయన,
తల గోక్కుని పంతొమ్మిదన్నాడు.
నా వంతు వచ్చింది.
ఇరియా పింపరెల్, పదిహేను.

కాఫీ కప్పులన్నీ ఒక్కసారే సాసర్లలోకి దిగాయి.
"ఆ పిల్ల మెడిసిన్‌కి వెళ్తోందయ్యా,
గుండె కోసేవాళ్ళు పిల్లిమొగ్గలు కూడా వెయ్యాలా?"
నవ్వారు. నేనూ నవ్వాను.
పద్దెనిమిది చెయ్యమన్నారు. పోనీ పదిహేడు.
పోనీ, నీ మాటా కాదు నా మాటా కాదు, పదహారున్నర.

నా పుస్తకం తీసి చదివాను:
తాడు ఎక్కడం, సగం దాకా.
పరుగు, బాగుంది. చివరి చుట్టు నడక.
చేతుల మీద నిలబడటం,
నాలుగుసార్లు ప్రయత్నం, నాలుగుసార్లూ పడింది,
నాలుగోసారి లేవకుండా
చాప మీదే వెల్లకిలా పడుకుని పైకప్పు చూసింది.
చూసిందే రాశాను.

అబద్ధమెందుకు, అంతకు ముందేడు
తోమే అనే కుర్రాడి పదమూడుని పదహారు చేసింది నేనే.
వాళ్ళమ్మ స్టాఫ్ రూమ్ గుమ్మంలో
ఏమీ అడక్కుండా నిలబడింది, అంతే.
వాడికి పోర్టోలో సీటొచ్చింది.
నాకు బస్తాడు చెస్ట్‌నట్లు వచ్చాయి. కాల్చుకుని తిన్నాను.
జాబితా అడుగున, గీతకి అవతల
ఎవరో ఒకరు జారే ఉంటారు,
ఎవోరాలోనో ఫారోలోనో,
నాకు పేరు తెలియని పిల్లో పిల్లాడో.
ఆ మనిషి గుర్తొచ్చి ఈసారి పెన్ను కదల్లేదు.
న్యాయమో, ముదిరిన మొండితనమో
ఇప్పటికీ తేలలేదు.

ఆగస్టు చివర, అర్ధరాత్రి దాటాక ఫలితాలు.
నూట ఎనభై మూడు పాయింట్ ఆరు దగ్గర తలుపు మూశారు.
ఇరియాది నూట ఎనభై మూడు పాయింట్ రెండు.
మా ఆవిడ నిద్రపోయాక
కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను, రెండుసార్లు.
పదిహేను పదహారైతే సరిపోయేది.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం జిమ్ తలుపు కిర్రుమంది.
తిట్టడానికొచ్చిందనుకుని
బంతులు లెక్కపెడుతున్నట్టు నటించాను.
బూట్లు విప్పి పక్కన పెట్టింది.
"సార్, ఆ నాలుగోసారి ఎక్కడ తప్పానో చెప్పండి."

మార్కు మారదమ్మా, అన్నాను.
"తెలుసు. ఫిజిక్స్ మళ్ళీ రాస్తున్నాను.
ఇది వేరే."

ఆ వేరే ఏమిటో నేనడగలేదు.
వేళ్ళు బాగా విప్పమన్నాను, చూపు అరచేతుల మధ్య.
కాళ్ళు విసిరింది. చీలమండలు పట్టుకున్నాను.
తలకిందులుగా, మొహం కందగడ్డలా,
జడ నేలని ఊడుస్తుండగా
మణికట్టులో ఎనిమిది ఎముకలున్నాయని చెప్పడం మొదలెట్టింది.
ఒకటి పడవట, ఒకటి నెలవంకట,
ఒకటి బఠాణీ గింజంత, పేరు కూడా బఠాణీయేనట.

ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి పిల్లల్ని
ఒక పడవ మీద, ఒక నెలవంక మీద, ఒక బఠాణీ గింజ మీద
నిలబెడుతున్నానని
నాకెవరూ చెప్పలేదు.

"వదిలెయ్యండి," అంది.
వదిలాను.
ఒకటి, రెండు, మూడు,
పైకే లెక్కపెడుతున్నానని
తను పడ్డాక గాని తెలియలేదు.