లోడు

మా చిన్నమ్మ యాకమ్మ మోటర్లు చుడుతది.
పరకాలల, ఎరువుల దుకాణం పక్కపొంటి,
కాలిన వార్నిష్ వాసనొచ్చే మడిగె.
ఎనుక అర్రల నా కంప్యూటర్.

ఖాజీపేటల ఒక నెట్ సెంటర్ మూతవడ్డది.
వాళ్ళు అమ్ముతున్న సామాన్లల్ల
నా దగ్గరున్నసుంటి గ్రాఫిక్స్ కార్డే, ఇంకొకటి.
ఒక ఫ్యాను జర గరగర.
మూడువేల ఎనిమిదొందలకు బేరం తెంపి
బస్సుల ఒళ్లె పెట్టుకోని కూసున్న,
ఆత్మకూరు దాటేదాక సంచి మూతి ఇప్పి ఇప్పి చూసుకుంట.

ఇంటికొచ్చి స్క్రూడ్రైవర్ పట్టంగనే
చిన్నమ్మ తల ఎత్తకుంటనే అడిగింది:
"లోడెంత?"
"ఏం లోడు?"
"పాతది ఎంత తింటది, కొత్తది ఎంత తింటది,
పెట్టేటోని గంపల ఎంతున్నది?"

పవర్ సప్లై మీద దుమ్ము తుడిస్తె
నాలుగొందల యాభై అని చీటీ.
మోటర్ల లెక్కలు రాసే గోడ మీద
బొగ్గుతోని రాసింది:
కార్డుకు నూటయాభై, రెండిటికి మూడొందలు,
ప్రాసెసర్ తొంభై ఐదు,
ఫ్యాన్లు, డిస్కులు, చిల్లర, యాభై.

"నాలుగొందల నలభై ఐదే. సరిపోతది గద" అన్న.

"సరిపోతది అన్నోల్ల మోటర్లే
నా దగ్గరికొస్తయి" అన్నది.

కార్డు అటక మీదికెక్కింది,
నల్లగ మాడిన స్టేటర్ల నడుమ, గుడ్డ కప్పుకోని.
పదకొండు రోజులు నేను పాత తీగ పీకిన.
ఏళ్ళకు రాగి గీసుకపోయి
అన్నం కలిపితే కారం మండేది.
పన్నెండోనాడు పైసలిచ్చి హన్మకొండ తోలింది:
"ఏడొందల యాభైది తే. కొత్తదే తే.
కార్డు పాతదైతే ఆట పోతది,
కరెంటిచ్చేది పాతదైతే ఇల్లు పోతది."

ఆదివారం. బయట ఎండ రేకుల్ని కొడుతాంది.
ప్లగ్గు పీకిన. బటన్ ఒక్కపారి ఒత్తిన.
ఆగిన ఫ్యాను కొంచెం ఉలిక్కిపడి
మళ్ళ పండుకున్నది.
"చూసినవా" అన్నది చిన్నమ్మ, గుమ్మంల నిలవడి,
"తల తెగినా పాముకు తోక ఉంటది."
లోపలికి రమ్మంటె రాలే.
"నేను పాలిస్టర్ చీర కట్టుకున్న. ముట్ట."

మూడు ఫేజుల తీగల్ని
పూలదండ లెక్క అల్లే మనిషి
తన కొంగుకు తానే భయపడి
చేతులు ఎనుకకు కట్టుకున్నది.

ఉత్త కాళ్ళతోని నిలవడి డబ్బా ఇనుము ముట్టిన.
కార్డును అంచుల పట్టుకున్న,
దాని బంగారు పండ్లకు ఏలు తాకకుంట.
మీది అర కాదు, కింది అర,
రెండిటి నడుమ నాలుగేళ్ళ సందు,
గాలాడాలె గద.
ఒత్తితే టక్కుమన్నది.
ఒక్క తీగకు రెండు మూతులున్నయి గని
ఆమె ఊకోలే:
"ఎవని తీగ వానికే."

స్విచ్చేసినంక
ఇద్దరం వాసన చూసినం.
ఏం లేదు. దుమ్ము వాసన, అంతే.

ఆట తెరిచిన. మూలకు అంకె: అరవై రెండు.
నిన్న గూడ అరవై రెండే.
మళ్ళ తెరిచిన. అరవై రెండు.
చిన్నమ్మ డబ్బా ఎనుక అరచెయ్యి పెట్టింది,
పాత కార్డు కాడ ఏడి, కొత్త కార్డు కాడ సల్లదనం.
"ఇది పని చేస్తలేదురా, కూసున్నది."
ఆటకు ఇద్దరితోని పని చేపిచ్చుకునుడు రాదని
నాకు అప్పుడు ఎరుకైంది.
నా ముకం జూసి ఆమె ఒక్కటే అన్నది:
"కాలలే గద."

ఇప్పుడు రెండో కార్డుకు
మడిగెల పాత టీవీ తగిలిచ్చిన.
నేను లోపల ఆడుతాంటే
మోటర్లు ఏసుకొచ్చిన రైతులు
బీడీలు ఆరిపోయేదాక చూస్తరు:
"ఎడమకు! ఎడమకు కొట్టు పోరగా!"
నిన్న ఒకాయన ఉండబట్టక
అర్రలకే తొంగి చూసిండు.
ఎండలకు పక్క రేకు నేనింక బిగియ్యలే.

చిన్నమ్మ తీగ చుట్టుడు ఆపకుంటనే:
"ఓ పాలిస్టర్ అంగీ,
జర దూరం జరుగు."