చన్నీళ్ళు

ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు.
అయినా మైకు నాదే.

కంపాలాలో, బ్వైసే వాడ అడుగున
రేకుల షెడ్డు మా సినిమా హాలు.
టికెట్టు ఐదు వందల షిల్లింగులు.
వాన పడితే కాలవ లోపలికొచ్చి ఊరికే చూస్తుంది,
మేం కాళ్ళు బెంచీ మీద పెట్టుకుంటాం.
పరాయి దేశపు బొమ్మలు పెదాలు కదిపితే
వాటి నోట్లో మా లుగాండా మాటలు పెట్టడం నా పని.
పదకొండేళ్ళుగా తింటున్న కూడు అదే.

ఆ రాత్రి సముద్రం అవతలి సినిమా.
కొండ మీద గుడిసెలు, గుడిసెల మీద గుడిసెలు,
మలుపుకో తుపాకీ.
మొదటి శవం పడగానే హాలంతా ఈల.

మోటారుసైకిలు కిరాయికి తోలే ముట్యాబా అన్నాడు:
"ఆ సందు చూశావా? అచ్చం మా వెనక సందే.
చెత్తకుప్ప కూడా ఎడమ చేతివైపే."
"మనకంటే నయం" అంది వేరుశనగలమ్మే నబ్బోసా,
"వాళ్ళకి కొళాయి ఇంటి ముందే ఉంది."
అప్పటినుంచి చచ్చేదెవరో ఎవరూ చూడలేదు,
కొళాయిలు లెక్కపెట్టారు.
ఏడు.
దొంగల నాయకుడి ఇంట్లోది ఎనిమిదోది.

నేనూ తక్కువ తినలేదు.
నాయకుడికి మా వార్డు పెద్ద నత్తి అంటించాను,
పోలీసుకి ట్రాఫిక్ సార్జెంటు దగ్గు.
పిల్లాడు ఇళ్ళ కప్పుల మీద పరిగెడుతుంటే
"ఒరే, రేకు కొత్తదిరా, మెల్లగా!" అని
కింద ముసలిదానిచేత అరిపించాను.
పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.
ఆమె నిజంగా ఏమందో
దేవుడికే తెలియాలి, అదీ ఆ దేశం దేవుడికి.

వెనక గోడకి ఆనుకుని లుబ్వామా మాస్టారు గొణిగారు:
"తీసినవాడెవడో గానీ
రాత్రికి వేరేచోట పడుకున్నాడు.
చూడండి, ఇంతసేపట్లో
ఒక్కడూ దోమని కొట్టుకోలేదు."

ఇక ఆ దృశ్యం.
పిల్లాడి చొక్కా.
తల్లి పొయ్యి మీంచి మరిగే నీళ్ళు దించి
బకెట్లో పోసి
చొక్కా ముంచింది.
సంగీతం లేదు. పెదాలు కదల్లేదు.
నాకు పనిలేదు.

అప్పుడు మూడో బెంచీ మీంచి నకయెంగా,
ఇంటింటికీ తిరిగి బట్టలుతికే నకయెంగా,
ఆటలో ఏనాడూ నోరు విప్పి ఎరగదు:

"వేణ్ణీళ్ళా?
వేణ్ణీళ్ళు పోస్తే నెత్తురు గుడ్డలో ఉడికిపోతుంది.
ఇక జన్మలో పోదు.
చన్నీళ్ళు పోయాలి. ఉప్పేసి నానబెట్టాలి,
రాత్రంతా.
నీళ్ళు మార్చాలి, మళ్ళీ మార్చాలి.
రుద్దకూడదు."

ఆ చివరి మాట
ఎవరి చెంపో నిమురుతున్నట్టు అంది.

జనరేటరు చప్పుడు తప్ప ఇంకేం లేదు.
వేరుశనగ పొట్టు కూడా ఎవరూ ఊదలేదు.
మాంసం కొట్టువాళ్ళ బట్టలు ఉతుకుతుంది కదా, అనుకున్నాం.
అలాగే అనుకుందామని అందరం ఒప్పందం చేసుకున్నట్టు
మళ్ళీ తెరవైపు తిరిగాం.

తెరమీద తల్లి ఇప్పుడు నోరు తెరిచింది.
ఏదో అంటోంది, చాలాసేపు అంటోంది.
అరచేతిలో మైకు జారుతోంది.
దొంగకీ దొరకీ శవానికీ కూడా మాటలిచ్చినవాణ్ణి,
ఆమెకివ్వడానికి నా దగ్గర ఒక్కటీ లేదు.
మైకు కట్టేశాను.
ఎవరికీ అర్థం కాని ఆ భాష
షెడ్డంతా తిరిగింది.
ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు.

ఆట విడిచాక కాలవ మీద పలక దాటుతూ
ముట్యాబా ఇంకా తుపాకుల ధర గురించే.
"ఇంతకీ నాయకుడు చచ్చాడా?" అనడిగారెవరో.
అంతదాకా నేను చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే బొమ్మ.
బకెట్టు రాగానే మైకు నోటికి ఆనించి
"చన్నీళ్ళు, తల్లీ, చన్నీళ్ళు" అన్నాను.
ఆమె చేతులు మరిగేవే పోశాయి.

నకయెంగా రాలేదు.
నలభై రెండు టికెట్లు తెగాయి.