చూపించడానికి రాయి లేదు

ఈసారీ ఏమీ లేదన్నారు.
తెముకో ఆసుపత్రి రెండో అంతస్తులో
పొట్టమీద చల్లటి జెల్లు పూసి
ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టమంది. బిగబట్టాను.
తెరమీద నల్లటి పియర్ పండులాంటిదొకటి.
"ఎంత శుభ్రంగా ఉందో చూడండి" అంది,
తోమి బోర్లించిన గిన్నెను మెచ్చుకున్నట్టు.
గోడలు పల్చన. రాళ్ళు లేవు. నాళం మామూలు.
తుడుచుకోమని రెండు టిష్యూలిచ్చింది,
మూడోది నేనే అడిగి తీసుకున్నాను.

అక్క ఒర్ఫెలినాకి ఏడు రాళ్ళు.
ఆపరేషనయ్యాక సీసాలో వేసి ఇస్తే
టీవీ పక్కన పెట్టుకుంది,
వచ్చినవాళ్ళకల్లా గలగలమని ఆడించి చూపిస్తుంది.
ఏడు రాళ్ళు, ఏడుగురు సాక్షులు.
తోడబుట్టినదాని రాళ్ళమీద
ఈర్ష్యపడే రోజొకటి వస్తుందని
నలభై ఏడేళ్ళలో ఎన్నడైనా అనుకున్నానా?

అది రాత్రి రెండుంపావుకి వస్తుంది.
కుడి డొక్క కింద
తడిబట్ట పిండినట్టు మొదలై
వీపెక్కి, రెక్క ఎముక కింద మేకు దిగ్గొట్టుకుని
అక్కడే కూలబడుతుంది,
ఆఖరి బస్సు తప్పిన ప్రయాణికుడిలా.
నేను వంటింట్లో నడుస్తాను.
పొయ్యి నుంచి కిటికీకి పదకొండు అడుగులు,
కిటికీ నుంచి పొయ్యికి పన్నెండు.
తిరిగొచ్చేటప్పుడు ఎందుకో ఒకటి ఎక్కువ.
బయట వాన. ఈ ఊళ్ళో వాన ఆగితేనే వార్త.

మొదట్లో బెలార్మినో లేచేవాడు,
రబ్బరు సంచిలో వేణ్ణీళ్ళు పోసి తెచ్చేవాడు.
మూడో రిపోర్టు వచ్చాక
నిద్రలోనే "మళ్ళీనా" అన్నాడు.
ఆ మాటా సరిగ్గా అక్కడే దిగింది, డొక్క కింద.
చెడ్డవాడు కాదు.
చదవడం వచ్చినవాడు, అంతే.

అత్తగారు మాత్రం
"పరీక్షలెందుకు, అదంతా నీ పైత్యం" అంది.
నవ్వొచ్చింది నాకు.
పైత్యమే అత్తయ్యా, ముమ్మాటికీ పైత్యమే!
ఇన్ని యంత్రాలకు చిక్కనిదాన్ని
తిట్టబోయి నువ్వు పట్టేశావు.

బస్టాండులో నాది సోపాయిపియాల బండి.
గుమ్మడి కలిపిన పిండి బిళ్ళలు
మరిగే నూనెలో పొంగి తేలతాయి.
రోజుకి మూడొందలు వేయిస్తాను.
ఒక్కటి నోట్లో వేసుకుంటే ఆ రాత్రి నాది కాదు.
"నువ్వెందుకు తినవు, ఏం కలిపావేంటి?"
ఓసోర్నో బస్సు డ్రైవరు రోజూ అదే జోకు.
రోజూ నవ్వుతాను. అతను నాలుగు కొంటాడు మరి.

చిన్న నోటుబుక్కు పెట్టాను.
మంగళవారం: ఉడికించిన దుంపలు. రాలేదు.
బుధవారం: పాప పుట్టినరోజు కేకు,
క్రీము గీకేసే తిన్నాను. మూడు గంటలు.
గురువారం: ఏమీ తినలేదు. అయినా వచ్చింది.

కొత్త డాక్టరు ఉర్రుతియా కుర్రవాడు.
పేజీ పేజీ తిప్పుతూ గురువారం దగ్గర ఆగాడు.
రాయి లేకపోయినా
సంచి సరిగ్గా ముడుచుకోకపోవచ్చట.
దానికి ఇంకో పరీక్ష, కన్సెప్సియోన్‌లో.
వరసలో పేరు రాస్తాడట, ఎన్ని నెలలో చెప్పలేడట.
"అందులోనూ ఏమీ కనబడకపోవచ్చు సెన్యోరా ఎదెల్మిరా."
తల వంచి రాసుకోసాగాడు.
తలకిందులుగానే చదివాను.
'నొప్పి ఉందంటోంది' అని కాదు,
'నొప్పి ఉంది' అని.

బస్సులో కిటికీకి తల ఆన్చి
ఆ ఒక్క క్రియాపదాన్ని
ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకొచ్చాను.

ఈ రాత్రీ వచ్చింది,
కాస్త ఆలస్యంగా, రెండున్నరకి.
నీళ్ళు పొయ్యిమీద పెట్టి నడుస్తున్నాను.
లోపల బెలార్మినో గురక ఆగింది.
నిద్రపోవట్లేదని నాకు తెలుసు,
నాకు తెలుసని అతనికి తెలుసు.
పది, పదకొండు.
మంచం కిర్రుమంది.
పన్నెండో అడుగు వేయకుండా
వింటూ నిలబడ్డాను.